ఆరిన గోడ

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా అక్కావాళ్లు కొన్న ఇల్లు 1890ల్లో కట్టింది. ఎర్ర ఇటుకల వరస ఇళ్లలో ఒకటి. ఇటుపక్క గోడా, అటుపక్క గోడా పొరుగువాళ్లతో ఉమ్మడి. ఇంట్లో చేరిన మొదటి చలికాలమే మేడమీద పాప గదిలో, మంచం తలాపున, కప్పుకు జానెడు దిగువన ఒక మచ్చ తేలింది. నడుమ తడి, అంచున టీ రంగు గీత. బావ రంగు వేయించాడు. నెల తిరక్కుండానే ఆ కొత్త రంగును తోసుకుని మచ్చ మళ్లీ పైకొచ్చింది. ఈసారి గోడపూత ఉబ్బి, చేత్తో తాకితే పొట్టు రాలడం మొదలైంది.

అప్పుడు ఉచితంగా తనిఖీ చేస్తామన్న ఒక చెమ్మ మందుల కంపెనీని పిలిచారు. వచ్చినతను రెండు సూదులున్న మీటరును గోడకు గుచ్చాడు. అది కీచుమంది. నేలలోంచి తేమ ఎక్కుతోంది, కింది గోడలన్నిటికీ అడుగున రంధ్రాలు చేసి మందు ఎక్కించాలి అని రాసిచ్చి, పెద్ద మొత్తమే అడిగాడు.

"ఒరేయ్, మచ్చ మేడమీద కదరా, మందు కింద ఎందుకు?" అని అక్క ఆ రాత్రే నాకు ఫోన్ చేసింది.

అక్క చదివింది తెలుగు సాహిత్యం. అయినా అడగాల్సిన ప్రశ్న అదే. నేలలోంచి ఎక్కే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దాటదు. ఇక ఆ సూదుల మీటరు తడిని కొలవదు, గోడలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తుంది. దాన్ని తయారుచేసింది చెక్క కోసం. గోడలో లవణాలుంటే పెద్దగా తడి లేకపోయినా అది కీచుమంటుంది. ఆ కీచుశబ్దాన్ని చూపించి ముసలివాళ్లకు, కొత్తగా ఇల్లు కొన్నవాళ్లకు అక్కర్లేని మందు అమ్మడం నేను చాలాచోట్ల చూశాను. పాత ఇళ్ల తనిఖీయే నా బతుకుతెరువు కాబట్టి ఆ మాట అనగలను. డబ్బు కట్టొద్దని చెప్పి, ఆ శనివారమే బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరాను.

పాప మంచం తలాపున ఉన్నది మామూలు గోడ కాదు. గదిలోకి రెండడుగులు ముందుకొచ్చిన చిమ్నీ గోడ. ఆ కాలపు ఇళ్లలో గదికో నిప్పుగూడు ఉండేది. బొగ్గు పొయ్యిలోంచి పొగ ఆ గోడలోని దారి గుండా ఇంటిపైకి పోయేది. 1952 డిసెంబరులో లండన్‌ను ఐదురోజులు కమ్మేసిన పొగమంచుకు వేలమంది చనిపోయారు. 1956లో గాలి శుభ్రతకు చట్టం వచ్చింది. తర్వాత ఉత్తర సముద్రపు గ్యాసు, రేడియేటర్లు. ఒక్కో ఇంట్లో ఒక్కో నిప్పుగూడు ఆరిపోయింది. జనం వాటికి పలకలు అడ్డుపెట్టి కాగితం అంటించారు. పైన వాన పడకుండా చిమ్నీ కుండలను సిమెంటుతో మూసేశారు. కిందా మూత, పైనా మూత. మధ్యలో నిలువెత్తు దారిలో గాలి ఆడదు. చలికాలంలో లోపల పేరుకున్న తేమకు బయటికి తోవ ఉండదు.

పైగా ఆ గోడలు బొగ్గును మరిచిపోవు. డెబ్బై, ఎనభై ఏళ్లు కాలిన బొగ్గు పొగలోంచి లవణాలు ఇటుకలోకి, సున్నంలోకి ఇంకిపోయి ఉంటాయి. వానాకాలంలో మన వంటింట్లో జాడీలో ఉప్పు చెమర్చినట్టే, గాలిలో తేమ పెరగగానే ఆ గోడలు నీళ్లు పట్టుకుంటాయి. ఇంటికప్పు ఎంత బాగున్నా సరే, ఒక్క చుక్క కారకపోయినా సరే. అందుకే అలాంటి మచ్చను చూడగానే వాననో, నేలనో తిట్టకూడదు. ఎప్పుడు తడుస్తోంది, ఎప్పుడు ఆరుతోంది అన్నది ముందు తెలియాలి. ఒక చలికాలమంతా చూడకుండా పాత గోడమీద పైసా ఖర్చు పెట్టొద్దని అడిగినవాళ్లందరికీ చెబుతాను.

చూసే పని పాపకు అప్పజెప్పాను. ఎనిమిదేళ్లది, మహా శ్రద్ధ. ప్రతి ఆదివారం మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వెయ్యాలి. వాన పడితే గొడుగు బొమ్మ, మంచు పడితే చుక్క. వాళ్లమ్మ గోడమీద రాయనివ్వడం అదే మొదటిసారి కావడంతో ఆ పని దానికి ప్రాణమైపోయింది.

ఈలోగా నేను పై నుంచి కిందికి వెతికాను. అటక ఎక్కి చూస్తే, కప్పును చీల్చుకుని చిమ్నీ పైకి వెళ్లేచోట ఇటుకలు పొడిగా ఉన్నాయి. చిమ్నీ మొదట్లో కప్పిన సీసం రేకు ఎక్కడా లేవలేదు. వీధికి అవతల నిలబడి దుర్భిణితో చూశాను. ఇటుకల సందుల్లో సున్నం గట్టిగానే ఉంది, కుండల చుట్టూ వేసిన పూత పగల్లేదు. వాన ఆ దారిన రావడం లేదు.

పాప గీతలు కూడా అదే చెప్పాయి. గొడుగు బొమ్మలున్న వారాల్లో మచ్చ పెద్దగా కదల్లేదు. పొడిగా, ఎముకలు కొరికే చలి ఉన్న వారాల్లో పెరిగింది. అది కూడా మామూలే, చల్లటి పొగదారిలో తేమ నీరవుతుంది అనుకోవచ్చు. కానీ క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా మచ్చ రెండు గీతలు వెనక్కి తగ్గింది. 2024 జనవరి 2న హెంక్ తుపాను వచ్చి లెస్టర్‌షైర్‌లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. బయట గాలి పిండితే కారేటంత తడిగా ఉంది. లోపల గోడ మాత్రం ఆరుతోంది. నెల మధ్యలో ఎండ కాస్తూ గడ్డకట్టే చలి పడగానే మచ్చ పరుగున మళ్లీ పాత గీత దాటింది.

లవణాలే కారణమైతే తుపాను వారంలో గోడ ఇంకా చెమర్చాలి. ఇంట్లోవాళ్ల ఊపిరి, వంట ఆవిరి కారణమైతే, సెలవులకు అందరూ ఇంట్లోనే ఉన్న ఆ రోజుల్లో పెరగాలి. ఆ రోజుల్లో లేనిదేమిటి?

"నాన్ లేదు," అంది పాప, ఎవరూ అడక్కుండానే.

నాన్ అంటే పక్కింటి పెద్దావిడ. ఎనభై దాటిన మనిషి. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ అక్కడే ఉంది. భర్త పోయాడు. కూతురు స్కెగ్నెస్‌లో, సముద్రం ఒడ్డున ఉంటుంది. ఏటా క్రిస్మస్‌కు అక్కడికి వెళ్లి జనవరిలో వస్తుంది. పాపకు ఊలుతో అల్లడం నేర్పింది ఆవిడే. అక్క ఆపరేషన్ చేయించుకున్నప్పుడు బడి నుంచి పాపను తీసుకొచ్చి కూచోబెట్టుకుందీ ఆవిడే. అక్క చేసిన సున్నుండలు మొహమాటం లేకుండా అడిగి తినేది.

మర్నాడు తెల్లవారక ముందే వీధిలో నిలబడ్డాను. ఉమ్మడి చిమ్నీ మీద కుండలన్నిటికీ అంచున తెల్లగా మంచు పట్టి ఉంది. ఒక్క కుండకు లేదు. దానిమీద సన్నటి ఆవిరి వణుకుతోంది. అది ఆవిడ ముందుగది కుండ.

ఆ గదిలో ఆవిడకు ఒక పాత గ్యాసు మంట ఉంది, ఒకప్పటి బొగ్గు పొయ్యి చోట అమర్చింది. ఇంట్లో రేడియేటర్లు ఉన్నాయి. ఇల్లంతా వేడి చేసుకునే స్తోమత లేక, పగలంతా ఆ ఒక్క మంట ముందు కూచునేది. ఒక ఘనపు మీటరు గ్యాసు మండితే లీటరున్నరకు పైగా నీరు ఆవిరై వెళుతుంది. బొగ్గు మంట వేడికి పొగదారి మొత్తం కాలి ఉండేది కాబట్టి ఆవిరి ఆవిరిగానే పైకి పోయేది. ఈ చిన్న మంటకు అంత సత్తువ లేదు. సగం దూరం వెళ్లాక చల్లటి ఇటుక తగిలి ఆవిరి నీరవుతుంది. ఆ ఇటుకలో ముందే ఉన్న లవణాలు ఆ నీటిని వదలవు. పైకి వెళ్లేకొద్దీ రెండిళ్ల పొగదారులూ వంగి ఒకే చిమ్నీలోకి చేరతాయి. మచ్చ ఉన్నచోట ఆవిడ పొగదారికీ పాప తలగడకూ మధ్య ఉన్నది ఒక్క ఇటుక వెడల్పు, నాలుగున్నర అంగుళాలు.

నాకు ముందు భయం వేసింది. ఆవిరి వస్తోందంటే, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుందేమో. అది వాసన లేకుండా నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ రోజే పాపను వేరే గదిలోకి మార్చి, విషవాయువు అలారం కొని పెట్టించాను. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న ఇంజనీరును పిలిచాం. అందుకు పెద్దావిడ ఇంట్లోకి వెళ్లక తప్పదు. "పాత చిమ్నీలు కదా, రెండువైపులా ఒకసారి చూపిద్దామని" అని అక్క అంది. ఆవిడ సంతోషంగా తలుపు తీసింది. ఇంజనీరు గ్యాసు మంటను గోడనుంచి విప్పి, ఆ గూట్లో పొగబిళ్ల వెలిగించాడు. మేం ఇవతల పాప గదిలో, అటకమీద, ముక్కులు గోడకు ఆనించి వెతికాం. ఇసుమంత పొగ కూడా రాలేదు. మధ్య గోడ పగుల్లేకుండా గట్టిగా ఉంది, ఇటుక తడిని పీలుస్తోందంతే. మంట సక్రమంగా ఉంది, వాడుకోవచ్చు, ప్రమాదం లేదు అని అతను కాగితం రాసిచ్చాడు. ఆవిడ పొగదారిలోకి ఉక్కు గొట్టం ఒకటి దించితే ఆ ఆవిరి కూడా ఇటుకను తాకదని చెప్పాడు. దానికయ్యేది చిన్న మొత్తం కాదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావ చాలాసేపు మాట్లాడలేదు. బావది తెనాలి పక్క పల్లెటూరు. మాటలు తక్కువ, మనసు గట్టి.

"ఆవిడతో ఈ సంగతి అనొద్దు," అన్నాడు చివరికి. "మీ మంట వల్ల మా గోడ తడుస్తోందని ఆ వయసులో మనిషికి ఎలా చెబుతాం? ఆవిడకు ఆ ఇంట్లో ఉన్నదే ఆ మంట. ముందు మనవైపు చెయ్యాల్సిందంతా చేద్దాం. అప్పటికీ వచ్చే చలికాలం మచ్చ తేలితే, ఆ గొట్టమేదో మన ఖర్చుతోనే వేయిద్దాం. ఏదో పథకం కింద ఉచితంగా వచ్చిందని చెబితే సరి."

"ఆవిడ ఒప్పుకుంటుందా?" అంది అక్క.

"ఒప్పించేది నువ్వే కదా."

నాకు ఆ నిర్ణయం నచ్చింది. ఇప్పటికీ తప్పని అనను.

2024 వేసవిలో పని చేయించాం. మేస్త్రి పోలండ్ మనిషి, సున్నం పని తెలిసినవాడు. ఇక్కడ ఇప్పుడు అలాంటివాళ్లు అరుదు. ముందు గోడకు పట్టిన ఉప్పు పూతనంతా ఇటుక దాకా చెక్కేశాడు. కింద నిప్పుగూడు పలక తీయగానే మసి, సున్నపు పెళ్లలు, కాకులు గూటికి తెచ్చుకున్న పుల్లలు గంపలకొద్దీ రాలాయి. పరంజా కట్టి, మా కుండలమీది సిమెంటు మూత పగలగొట్టి, వాన పడకుండా గాలి ఆడే టోపీలు పెట్టాడు. కింద గోడలో జల్లెడ బిగించాడు. నూట ముప్పై ఏళ్ల పొగదారిలో మళ్లీ గాలి కదిలింది. జల్లెడ దగ్గర అగ్గిపుల్ల పెడితే మంట లోపలికి వంగింది. ఇటుకను ఆరువారాలు అలాగే ఆరనిచ్చి, సిమెంటు కలపకుండా సున్నం, ఇసకలతోనే పూత పూశాడు. మన ఊళ్లలో గానుగ సున్నంతో కట్టిన మండువా ఇళ్లు వందేళ్లు నిలిచాయంటే కారణం అదే. సున్నం తడిని లోపల బంధించదు, బయటికి పోనిస్తుంది. పాత ఇటుకమీద సిమెంటు రుద్దినవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

అక్టోబరు వచ్చింది, నవంబరు వచ్చింది. పాప ప్రతి ఆదివారం పెన్సిలు పట్టుకుని నిలబడేది. గీయడానికేమీ లేదు. నవంబరు చివర మంచు కురిసింది. గోడ తెల్లగా, పొడిగా ఉంది. డిసెంబరులో బావ ఫోన్ చేసి, "గొట్టం అక్కర్లేదు బామ్మర్దీ, మనవైపు పనితోనే సరిపోయింది," అన్నాడు. ఆ గొంతులో తేలిక నాకూ తెలిసింది. చేసిన పని నిలబడటంకన్నా నా వృత్తిలో ఆనందం లేదు. ఆ గొట్టం కోసం దాచిన డబ్బుతో పాపకు కొత్త మంచం, చదువుకునే బల్ల కొన్నారు.

2025 సంక్రాంతికి ముందు శనివారం వాళ్లింటికి వెళ్లాను. ఆ ఉదయం గడ్డకట్టే చలి. అక్క అరిసెల పాకం పట్టుకుంటోంది. పాప నా చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయి చిమ్నీ చూపించింది. కిందటేడు నేను చూపించిన సంగతి గుర్తుపెట్టుకుంది.

"మామయ్యా, ఈసారి అన్ని కుండలకీ ఉంది."

తల ఎత్తి చూశాను. కుండలన్నిటి అంచునా ఒకే తెలుపు. ఆవిరి ఎక్కడా లేదు.

"నాన్ ఊరినించి రాలేదా ఇంకా?"

"ఈసారి నాన్ అసలు వెళ్లలేదుగా," అంది పాప.

లోపలికొచ్చి అక్కతో చెప్పాను. అక్క పొయ్యి ఆపేసి, ఉన్న అరిసెలు డబ్బాలో వేసుకుని, చీరమీదే కోటు తగిలించుకుంది. ముగ్గురం వెళ్లి తలుపు కొట్టాం. చాలాసేపటికి తీసింది. పైన కోటు, మెడకు ఊలు గుడ్డ, చేతులకు వేళ్లు కనిపించే అల్లిక తొడుగులు. ముందుగదిలో మా ఊపిరి మాకే పొగలా కనిపిస్తోంది. కుర్చీలో దుప్పట్ల మధ్య వేడినీళ్ల సంచి. ఎదురుగా గ్యాసు మంట ఆరిపోయి ఉంది. దానిమీద ఊలు ఉండలు పేర్చి పెట్టింది. వెలిగించి చాలాకాలమైందని వాటిని చూస్తేనే తెలుస్తోంది.

ఆ చలికాలానికి ప్రభుత్వం పెద్దవాళ్లకిచ్చే చలికాలపు ఇంధన సాయాన్ని చాలామందికి ఆపేసింది. ఎనభై దాటినవాళ్లకు అందే మూడువందల పౌండ్లు, పేదరికపు పింఛను భత్యం లాంటి సాయాలు పొందేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు రాలేదు. ఆ వీధిలో అందరి నోటా అదే మాట. అక్క ఆవిడ చేతులు రెండూ పట్టుకుని రుద్దుతూ, కన్నీళ్లు ఆపుకోలేక, "బిల్లుకు భయపడి ఇలా కూచుంటే ఎలా? మాతో ఒక్కమాట అనకూడదా? ఈ చలికాలం మీ గ్యాసు డబ్బులు మేం కడతాం. ముందు వెలిగించండి," అంది.

"డబ్బు గురించి కాదు డక్," అంది పెద్దావిడ. ఆ పక్క ముసలివాళ్లంతా పిలిచినట్టే అక్కని అలా పిలిచేది. "నా కూతురు పంపింది. ఉంది."

"మరి?"

ఆవిడ కాస్త సిగ్గుపడింది. "కిందటేడు పొగబిళ్ల పెట్టాడే, ఆ అబ్బాయిని ఎందుకిదంతా అని అడిగాను. పాపం, మంచివాడు, అబద్ధం ఆడలేకపోయాడు. మీరు నాతో అనలేదంటే నన్ను బాధపెట్టడం ఇష్టంలేకేనని తెలుసు." అని, అక్క వెనక నిలబడ్డ పాప వైపు వంగి చూసి అడిగింది:

"నీ గోడ ఆరిందా, బంగారం?"